బండికి ఆయిలు కారుతోందా? ముందు కడగండి, తర్వాతే విప్పండి!

పత్తి తీతలు, మిరప కోతలు మొదలయ్యాయంటే రైతుకు బండి దిగే తీరిక ఉండదు. తెల్లవారుజామున కూలీల కోసం పక్క ఊరికి వెళ్ళాలి. పొద్దెక్కాక మందుల కొట్టుకు, సాయంత్రం కల్లం కాపలాకు, సరుకు వేసిన రోజున గుంటూరు యార్డుకు పరుగెత్తాలి. ఇట్లాంటి రోజుల్లో ఇంజను పట్టేస్తే మరమ్మతు ఖర్చు ఒక ఎత్తు, పనులు ఆగిపోవటం మరో ఎత్తు. ఆయిలు లేక పట్టేసే ఇంజను చాలాసార్లు ముందుగానే ఆనవాలు చూపిస్తుంది. పాకలో బండి నిలిపిన చోట నేల మీద కనపడే నల్లని మరకే ఆ ఆనవాలు.

ఆ మరక చూసి కొందరు 'కారితే కారనీ, పోసుకుంటూ తిరుగుదాం' అనుకుంటారు. మరికొందరు భయపడి ఇంజను మొత్తం విప్పిస్తారు. రెండూ నష్టమే. పదుల్లో, వందల్లో దొరికే వాషరు, సీలు, ప్యాకింగుతోనే చాలా లీకులు ఆగిపోతాయి. లీకు ఎక్కణ్ణుంచి వస్తోందో సరిగా పట్టుకోవటమే అసలు పని.

ఆయిలు ఎందుకు అంత ముఖ్యం?

ఒకప్పుడు మన పల్లెల్లో తిరిగిన రాజ్‌దూత్, ఎజ్డీ బండ్లు రెండు స్ట్రోకులవి. వాటిలో పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టనును తడిపేది. గేర్లకు వేరే ఆయిలు ఉండేది. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక నాలుగు స్ట్రోకుల బండ్లు ఊరూరికీ చేరాయి. పెట్రోలు పోసి, మూత వేసి, ఇక మరచిపొమ్మని సీడీ 100కు ప్రచారం చేశారు. పెట్రోలు సంగతి మరచిపోవచ్చుగానీ ఇంజను ఆయిలు సంగతి మరవకూడదు.

ఈ బండ్లలో పిస్టను, వాల్వులు, గేర్లు, క్లచ్చి అన్నీ ఒకే ఆయిల్లో పనిచేస్తాయి. వంద సీసీ బండిలో ఉండే ఆయిలు లీటరుకు కాస్త తక్కువే. అందులో సగం కారిపోయినా నడిపే మనిషికి వెంటనే తేడా తెలియదు. ఎండాకాలంలో, వెనక మిర్చి టిక్కీ వేసుకుని మొదటి గేర్లో డొంక ఎక్కేటప్పుడు ఇంజను బాగా వేడెక్కుతుంది. చాలినంత ఆయిలు లేకపోతే అప్పుడే పిస్టను పట్టేస్తుంది.

ముందు మట్టం చూడండి

బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేసి నిలపాలి. రెండు మూడు నిమిషాలు ఇంజను ఆడించి ఆపాలి. మరో రెండు మూడు నిమిషాలు ఆగాక ఆయిలు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడాలి. స్ప్లెండర్ వంటి బండ్లకు పుల్లను తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. కొన్ని బండ్లకు పుల్ల బదులు గాజు కిటికీ ఉంటుంది. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్న పద్ధతినే పాటించండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి.

కింది గీతకన్నా తక్కువ ఉంటే ఆయిలు పోసేదాకా బండి తియ్యవద్దు. పై గీతకన్నా ఎక్కువ ఉన్నా తప్పే. ఇంజను గాలి విడిచే బ్రీదరు పైపు గుండా ఎక్కువైన ఆయిలు బయటకు తన్నుతుంది, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో చేరుతుంది. అది లీకు కాదు. ఎక్కువ పోసిన ఆయిలు తీసేస్తే ఆగిపోతుంది.

ఆయిలు పొయ్యకుండానే మట్టం పెరిగి, పుల్లకు పెట్రోలు వాసన వస్తుంటే కార్బురేటరు నుంచి పెట్రోలు ఇంజనులోకి దిగుతోందన్న మాట. పెట్రోలు కలిసిన ఆయిలు పల్చబడి సందు దొరికిన చోటల్లా కారుతుంది. ముందు కార్బురేటరు బాగుచేయించి, ఆ తర్వాత ఆయిలు మార్పించాలి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటరు బదులు ఇంజెక్షను ఉంటుంది. ఈ జబ్బు ఎక్కువగా పాత బండ్లలోనే చూస్తాం.

చుక్క పడేచోట లీకు ఉండదు!

ఇది బాగా గుర్తుంచుకోవాల్సిన విషయం. పైన కారిన ఆయిలు ఇంజను మీదుగా కిందికి దిగుతుంది. బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కు పోతుంది. చివరికి అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్కగా పడుతుంది. అది చూసి డ్రెయిన్ బోల్టును పానాతో గట్టిగా బిగిస్తే, మెత్తని అల్యూమినియం మరలు చెడిపోయి లేని లీకు కొత్తగా తయారవుతుంది. మన నల్లరేగడి మట్టి ఆయిలుతో కలిసి ఇంజనుకు పట్టిందంటే లీకు ఎక్కడుందో మెకానిక్కుకు కూడా అంతుపట్టదు.

అందుకే ముందు కడగాలి. ఇంజను పూర్తిగా చల్లారాక డీజిలు గానీ కిరసనాయిలు గానీ బ్రష్షుతో పూసి, మట్టి నానాక సబ్బు నీళ్ళతో కడగండి. పెట్రోలుతో కడగవద్దు. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. ఎయిర్ ఫిల్టరు వైపు, సైలెన్సరు మూతిలోకి నీళ్ళు కొట్టవద్దు. పంట కాలువలోనూ, గొడ్లు తాగే చెరువులోనూ కడగటం మంచిది కాదు. పురుగుమందు డబ్బా కారి ఇంజను మీద పడిందన్న అనుమానం ఉంటే చేతులకు తొడుగులు వేసుకోండి. వాసన చూడవద్దు.

బాగా ఆరాక, అనుమానమున్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. ముగ్గుపిండి మాత్రం వాడవద్దు. అది రాతిపొడి, సీళ్ళను కోసేస్తుంది. ఐదారు నిమిషాలు ఇంజను ఆడించి ఆపి, పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. పౌడరు అన్నిటికన్నా పైన ఎక్కడ తడిసిందో లీకు అక్కడే. అప్పటికీ తెలియకపోతే రెండు మూడు కిలోమీటర్లు తిరిగి వచ్చి చూడండి. రాత్రికి బండి కింద అట్టముక్క పరిచి, ముందు చక్రం ఎటువైపో గుర్తు పెట్టుకుంటే చుక్క ఏ పక్కన పడుతోందో తెల్లారి తెలుస్తుంది.

ఏ చోట తడికి ఏ మందు?

ట్యాపెట్ మూతలు: ఇంజను తలకాయ మీద ఉండే ఈ మూతల కింద రబ్బరు ఓ-రింగు ఉంటుంది. వేడికి అది గట్టిపడి, పగిలి ఆయిలు వదులుతుంది. కొత్తది వేస్తే సరిపోతుంది. గాడి శుభ్రంగా తుడిచి, రింగుకు కాస్త ఆయిలు రాసి పెట్టాలి.

హెడ్డు, బోరు అతుకులు: ఇక్కడ తడి ఉంటే మెకానిక్కు పనే. బోల్టులను లెక్క ప్రకారం, ఎదురెదురుగా, సమంగా బిగించాలి. ఇంట్లో పానాతో బిగిస్తే హెడ్డు వంకర పోవచ్చు.

క్లచ్చి వైపు, మాగ్నెటు వైపు మూతలు: ముందు బోల్టులు వదులయ్యాయేమో చూడండి. అన్నీ బిగుతుగానే ఉండి కారుతుంటే ప్యాకింగు మార్చాలి. పాత ప్యాకింగును స్క్రూడ్రైవరుతో గీకితే గాటు పడి అక్కడే మళ్ళీ లీకవుతుంది. నానబెట్టి, చెక్కముక్కతో గీకాలి. బంకమందు అతిగా పూస్తే లోపల ఊడి ఆయిలు దారులకు అడ్డం పడుతుంది.

గేరు రాడ్డు, కిక్కు రాడ్డు: రాడ్డు ఇంజనులోంచి బయటకు వచ్చేచోట రబ్బరు సీలు ఉంటుంది. అది అరిగితే రాడ్డు చుట్టూ తడి కనిపిస్తుంది. చాలా బండ్లలో ఈ సీళ్ళను ఇంజను విప్పకుండా బయటి నుంచే మార్చవచ్చు.

చైను ముందు పళ్ళచక్రం: ఇక్కడ నల్లజిడ్డు ఉన్నంత మాత్రాన సీలు పోయినట్టు కాదు. చైనుకు పూసిన ఆయిలే కావచ్చు. శుభ్రం చేసి, రెండు రోజులు చైనుకు ఆయిలు పుయ్యకుండా చూడండి. అయినా చక్రం వెనక తడి వస్తుంటే సీలు పోయినట్టే. చైను మరీ బిగుతుగా పెట్టుకుంటే ఈ సీలు, దాని వెనకున్న బేరింగు తొందరగా అరుగుతాయి.

డ్రెయిన్ బోల్టు: ఆయిలు మార్చిన ప్రతిసారీ వాషరు కొత్తది వెయ్యాలి. మరలు చెడితే లేతు పనివాళ్ళు కొత్త మర గొట్టం దించి బాగుచేస్తారు. గట్టు మీద రాయి తగిలి అడుగున సన్న చీలిక వస్తే ఆ భాగాన్ని విప్పి, శుభ్రం చేసి ఆర్గాన్ వెల్డింగు చేయించాలి.

ముందు షాకబ్జరు: పైపు మీద ఆయిలు రింగులాగా కనపడితే ఇంజనుకు సంబంధం లేదు. ఫోర్కు సీలు పోయింది. ఆ ఆయిలు బ్రేకు మీదికి చేరితే ప్రమాదం. రెండు వైపులా సీళ్ళు మార్చి, సమంగా ఆయిలు పోయించాలి.

సీలు మార్చేటప్పుడు

పాత సీలు మీద ఉన్న నంబరు చూపించి అదే సైజు తెచ్చుకోండి. పాతది తీసేటప్పుడు రాడ్డు మీద గీత పడకూడదు. రాడ్డు చివర పళ్ళు ఉంటే వాటి మీద టేపు చుట్టండి, లేకపోతే కొత్త సీలు పెదవి తెగుతుంది. పెదవికి ఆయిలు రాసి, సీలు అంచుకు సరిపోయే గొట్టం ముక్క ఆనించి, వంకర లేకుండా మెల్లగా తట్టాలి. వేలితో తడిమితే రాడ్డు మీద గాడి తగిలిందా, రాడ్డు పైకీ కిందికీ ఊగుతోందా, అప్పుడు సీలు ఒక్కటే మార్చితే ఆగదు.

ఒక సీలు మార్చగానే మరోచోట కారుతోందంటే బ్రీదరు పైపు మట్టితో పూడుకుందేమో, నలిగిందేమో చూడాలి. ఇంజను లోపలి గాలికి బయటికి దారి లేకపోతే ఆయిలును సీళ్ళ గుండా తోస్తుంది. పైపు బాగానే ఉండి, సైలెన్సరు నుంచి నీలిపొగ కూడా వస్తుంటే పిస్టను రింగులు అరిగాయేమో చూపించుకోవాలి. ఇంజను విప్పాల్సింది అప్పుడే.

ఇవి చెయ్యవద్దు

లీకు ఆగుతుందని కొందరు ట్రాక్టరు ఆయిలు పోస్తారు. బండి క్లచ్చి కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి సరిపడని ఆయిలు పోస్తే క్లచ్చి జారుతుంది. బండి పుస్తకంలో రాసిన నంబరు ఆయిలే వాడండి. సీసా మీద 'జాసో ఎంఏ' గుర్తు చూసుకోండి. ఎంసీలు, సబ్బు ముక్క వంటివి దారి మధ్యలో లీకైతే ఇంటికి చేరటానికే పనికొస్తాయి, అదీ మట్టం చూసుకుంటూ మెల్లగా వస్తేనే. తీసేసిన పాత ఆయిలును చేలోనో, కాలువలోనో పారబోయకుండా మెకానిక్కు షాపులో డ్రమ్ములో పోయండి.

గుర్తుంచుకోండి

* అతుకు దగ్గర చెమ్మ మాత్రమే ఉంటే వారానికోసారి మట్టం చూస్తూ, వచ్చే సర్వీసులో చేయించండి.
* రాత్రికి ఒకటి రెండు చుక్కలు పడుతుంటే రోజూ పొద్దున్నే మట్టం చూడండి. ఆ వారంలోనే బాగుచేయించండి.
* ఇంజను ఆడుతుండగా ధారగా కారుతుంటే వెంటనే ఆపండి. ట్రాలీలో వేసుకుని వెళ్ళటమే చవక.
* వెనక టైరుకు గానీ, బ్రేకుకు గానీ ఆయిలు తగిలితే తుడిచి, లీకు ఆగేదాకా బండి ఎక్కవద్దు.
* మెకానిక్కు దగ్గరికి బండిని కడిగి తీసుకెళ్ళండి. తడి ఎక్కడ కనపడిందో వేలు పెట్టి చూపించండి. అక్కర్లేని విప్పుడు తప్పుతుంది.