ఎతెకాఫ్‌కు ముందు మనసు సర్దుకుందాం

రంజాన్ 20వ రోజు సూర్యాస్తమయానికి ముందే ఎతెకాఫ్ కోసం మస్జిద్‌లో చేరాలి. పరుపు, దుప్పటి, ఖురాన్ ముందురోజే సర్దుకుంటాం. మనసు మాటే మరచిపోతాం. మొదటిసారి మేమూ అంతే. ఒళ్లు మస్జిద్‌లో, ధ్యాస దుకాణం గల్లాపెట్టె దగ్గర! తమ్ముడితో మాటలు లేవు, ఆ కోపం నమాజులోనూ వదల్లేదు. మరుసటి ఏడు షాబాన్‌లోనే అప్పుల లెక్క రాసిపెట్టి, తమ్ముడి గుమ్మం తొక్కాం. తలుపు ఆలస్యంగానైనా తీశాడు.

మరి ఇంటివారి సంగతి? దైవప్రవక్త (సఅసం) ఎతెకాఫ్‌లో ఉండగా సతీమణి హజ్రత్ సఫియ్యా (రజి) చూడవచ్చారు. ఆయన కాసేపు మాట్లాడి, ఆమెను సాగనంపడానికి తామే లేచారు. అది చదివాక, పండుగ ఖర్చుల డబ్బు ముందే ఇల్లాలి చేతికిచ్చి, ఆమె చెప్పేదంతా విన్నాకే పరుపు చుట్టుకుంటున్నాం.