కారుకు కీళ్ళ నొప్పులు

ఇంట్లో తలుపు కిర్రుమంటే బందు మీద రెండు చుక్కలు నూనె వేస్తాము. మంచం కోడు ఊగితే ఆ పూటే బిగిస్తాము. కాని గుంట దాటినప్పుడల్లా కారు కింద 'టక్కు'మని చప్పుడైతే మాత్రం, "పాత బండి కదా, ఆ మాత్రం మోత ఉండదా!" అని సరిపెట్టుకుంటాము. ఆ చప్పుడు చాలాసార్లు అరిగిపోయిన బుష్షుది. అరచేతిలో ఇమిడే ఆ చిన్న వస్తువు మీదనే బండి నడక, టైర్ల ఆయుస్సు, అన్నిటికంటె ముఖ్యంగా బ్రేకు నొక్కినప్పుడు బండి తిన్నగా నిలిచే గుణం ఆధారపడి ఉన్నాయి. మనం ఉంటున్నది హోసూరైనా, బళ్ళారి అయినా, బరంపురమైనా, షెడ్డులో మేస్త్రీ ఏ భాష మాట్లాడేవాడైనా, 'బుష్' అన్న మాట అన్ని చోట్లా ఒకటే. కాబట్టి దాని సంగతి నాలుగు ముక్కలు తెలుసుకొని ఉండడం గృహస్థుకు లాభమే.

కారు చక్రం బాడీకి నేరుగా బిగించి ఉండదు. మధ్య ఇనుప చేతులు ఉంటాయి. షెడ్లలో వాటిని ఆర్ములంటారు. చక్రం గుంటలో పడి లేచేటప్పుడు ఆ చెయ్యి కిందికీ మీదికీ ఆడుతుంది. అది బాడీని కలిసే కీలు దగ్గర ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా ఉండడానికే ఈ బుష్షు. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఒక సన్నని ఉక్కు గొట్టం, రెంటి నడుమ గట్టిగా అతికించిన రబ్బరు - ఇదీ దాని స్వరూపం. లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టుకుంటుంది. చెయ్యి ఆడినప్పుడు అక్కడ ఏదీ జారదు. రబ్బరే కొంచెం మెలితిరిగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. అందుచేత దానికి గ్రీజు అక్కరలేదు. పైగా ఇంజను నూనె కారి తగిలితే సహజమైన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వేడికీ, గాలిలోని ఓజోనుకూ ఏళ్ళ తరబడి గురై గట్టిపడి బీటలిస్తుంది.

బుష్షు పోయిన బండికి కొన్ని లక్షణాలు ఉంటాయి. బ్రేకు నొక్కితే ఒక పక్కకు లాగుతుంది. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా బండి అటూ ఇటూ వెదుకుతుంది. టైరు ఒక అంచునే అరుగుతుంది. ఇది తెలియక కొందరు ముందు టైర్లు మారుస్తారు, తరువాత షాక్ అబ్జార్బర్లు మారుస్తారు. డబ్బు ఖర్చవుతుంది గాని చప్పుడు పోదు. వానలో తడిసిన రోడ్డు మీద, వెనుక సీట్లో పిల్లలూ పెద్దలూ కూర్చుని ఉండగా, బ్రేకు వేసిన బండి పక్క లారీ వైపు లాగిందంటే, ఆ మిగిల్చిన పైకం దేనికి పనికివస్తుంది? అందుకే మేస్త్రీ చేత ఆర్ము దగ్గర గడ్డపలుగు పెట్టి కదిలించి చూపించమని అడగండి. బాల్ జాయింటు వదులైనా ఇలాంటి చప్పుడే వస్తుంది కనుక, అదీ చూడమనండి.

మార్చవలసి వచ్చినప్పుడు ఈ రోజుల్లో రబ్బరుకు బదులు పాలీయురిథేన్ బుష్షులు వేయమంటున్నారు. ఎర్రగానో, పసుపుగానో, నీలంగానో మెరుస్తూ ఉంటాయి. ఈ పదార్థానికి మూలమైన రసాయన విధానాన్ని 1937లో జర్మనీలోని లెవర్కూజెన్ ప్రయోగశాలలో ఆటో బేయర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. మన పరుపుల్లోని నురుగు, చెప్పుల అడుగులు కూడా ఈ కుటుంబానివే. నూనెకు చెడదు, ఓజోనుకు పగలదు, అరుగుదలకు బాగా ఓర్చుకుంటుంది. మెత్తదనాన్ని కొలిచే షోర్ 'ఎ' కొలతలో రబ్బరు బుష్షులు సాధారణంగా 50 - 70 మధ్య ఉంటే, ఇవి 70 - 95 మధ్య ఉంటాయి. అంటే గట్టివి. చెయ్యిని ఉన్నచోటనే నిలబెడతాయి. స్టీరింగు చెప్పిన మాట వెంటనే వింటుంది.

అయితే గట్టిది కాబట్టి అన్నిచోట్లా మంచిదే అనుకోరాదు. రబ్బరు మెలి తిరుగుతుంది. ఇది లోపలి ఉక్కు గొట్టం మీద జారి తిరుగుతుంది. తలుపు బందులాగ ఒకే దిశలో తిరిగే కీలుకు ఇది సొగసుగా సరిపోతుంది. ఆంటీరోల్ బారు, అంబాసిడరు వంటి బండ్ల వెనుక కమాను కట్టల చివరి కళ్ళు ఇటువంటి చోట్లే. కాని కొన్ని వెనుక చేతులు మీదికీ పక్కకూ కూడా మెలిపడుతూ ఆడతాయి. అక్కడ గట్టి బుష్షు వేస్తే కీలు పట్టేసి, ఆ ఒత్తిడి ఆర్ము మీదా, దాన్ని పట్టుకున్న రేకు మీదా పడుతుంది. అక్కడ కంపెనీ రబ్బరే మేలు. కొన్ని రబ్బరు బుష్షుల్లో అర్ధచంద్రాకారంగా ఖాళీలు ఉంటాయి. చిరిగిందని భ్రమపడకండి, గుంట తగిలినప్పుడు చక్రం వెనక్కి కొద్దిగా సర్దుకోవడానికి కంపెనీవారే వదిలిన చోటు అది. దాన్ని పూడ్చిన బుష్షు వేస్తే ప్రతి గులకరాయీ వెనుక సీటులో కూర్చున్న తాతగారి నడుముకు తెలుస్తుంది.

బిగింపులో రెండు నియమాలు గుర్తుంచుకోవాలి. రబ్బరు బుష్షుకు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద నిలిచినప్పుడే చేయాలి. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. కొత్త బుష్షులు కొద్దికాలానికే పోయాయని మనవారు చేసే ఫిర్యాదులకు ఇదొక కారణం. పాలీయురిథేన్ బుష్షుకైతే దానితో ఇచ్చిన చిక్కని సిలికోన్ గ్రీజును లోపలి గొట్టానికి నిండుగా పట్టించాలి. గ్రీజు లేకపోతే ఎండిన ఎడ్లబండి ఇరుసులాగ కూస్తుంది. సముద్రతీరంలో, చెమ్మ ఎక్కువ ఉన్న ఊళ్ళలో ఉండేవారు ఇంకొక ప్రశ్న వేయాలి. ఈ పదార్థంలో పాలియెస్టర్ రకం, పాలీఈథర్ రకం అని రెండున్నాయి. వేడీ తేమా కలిస్తే మొదటిది క్రమంగా విచ్ఛిన్నమవుతుంది, రెండవది తట్టుకుంటుంది.

పాత బుష్షును ప్రెస్సుతో తీయించాలి గాని మంటపెట్టి కాల్చి తీయనివ్వకండి. ఆ పొగ పనివాడి ఊపిరితిత్తులకు చేటు. ఒక పక్కది పోతే రెండో పక్కది కూడా మార్పించండి. పని అయిన తరువాత వీల్ అలైన్‌మెంటు చూపించడం మరవకండి.

బండి వేగం కోసం కాక ఇంటిల్లిపాది ప్రయాణానికి వాడే మనకు మధ్యేమార్గం చాలు: ఒకే దిశలో తిరిగే కీళ్ళకు పాలీయురిథేన్, మిగతావాటికి మంచి రబ్బరు. ఏది ఎక్కడ వేస్తున్నాడో మేస్త్రీని ముందే అడిగి, ఒక కాగితం మీద రాయించుకొని, పాత బుష్షులు చేతికి తీసుకొని మరీ ఇంటికి రండి.