ఊరూరా తిరిగిన వెలుగు: టూరింగు ప్రొజెక్టరు జీవితకథ

ఆరుబయట బొమ్మ ఆడాలంటే యంత్రం కన్నా ముందు చీకటి సిద్ధం కావాలి. తెలంగాణలో నిజాంసాగర్ కాలువ నీటితో వరి, చెరకు పండే బాన్సువాడ ప్రాంతం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందువల్ల అక్కడ సూర్యుడు క్షితిజానికి ఏటవాలుగా కాక దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. డిసెంబరులో పావుతక్కువ ఆరుకు, జూన్ మూడో వారంలో ఏడు గంటలకు కాస్త ముందుగా పొద్దు గుంకినా, ఆ తరువాత అరగంట లోపే తెర మీద బొమ్మ నిలవగలిగేంత చీకటి పడుతుంది. సినిమా పుట్టిన ప్యారిస్‌లో వేసవి సంజవెలుగు ఇంతకు దాదాపు రెట్టింపు సేపు నిలుస్తుంది. ఆస్ట్రేలియాలోని బ్రూమ్ పట్టణంలో 1916 డిసెంబరులో మొదలై నేటికీ ఆరుబయటే నడుస్తున్న సన్ పిక్చర్స్ సినిమాశాల కూడా భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు ఇంతే దూరంలో ఉండడం గమనించదగ్గ విషయం. నాలుగు గోడలు కట్టలేనివారు గతిలేక పట్టుకున్న మార్గంగా మాత్రమే డేరా సినిమాను చూడడం సరికాదు. ఉష్ణమండలపు ఆకాశం దానికి సహజంగా అమరిన ప్రదర్శనశాల.

1895 డిసెంబరు 28న ప్యారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి ప్రదర్శించిన చిత్రాలలో ఒక్కొక్కటి సుమారు 17 మీటర్ల ఫిల్ము. చేతితో పిడి తిప్పితే అది యాభై సెకన్లలో అయిపోయేది. 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలుకు వారి యంత్రం వచ్చినప్పుడు చూపిన చిత్రాలు ఆరు మాత్రమే. యంత్రం ఇంత తక్కువ ఫిల్ము మింగేది కాబట్టి ప్రేక్షకుడి సాయంత్రాన్ని నింపడానికి గారడి, పాట, నృత్యం, హాస్యం పక్కన చేరవలసి వచ్చింది. ఆనాటి బయస్కోపు ప్రదర్శనలు కలగూరగంపలా ఉండడానికి కారణం ప్రేక్షకుల చపలత్వం కాదు, ఫిల్ము పొడవు.

మన గ్రామాలకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డపై గళ్లుగళ్లుగా కథను చిత్రించగా, కథకులు ఆ పటాన్ని ఒక్కొక్క గడిగా విప్పుతూ పాడేవారు. బొమ్మల వరుస, దాన్ని విప్పే చేయి, పక్కన గొంతు అన్న మూడూ అక్కడ అప్పటికే ఉన్నాయి. తోలుబొమ్మలాట తెల్లని తెరను, వెనుక దీపాన్ని అలవాటు చేసింది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రారంభించిన సురభి నాటక సమాజాలు రంగాన్నంతా బండ్లకెత్తుకొని ఊరూరా తిరిగే పద్ధతిని నేర్పాయి. నిజామాబాదు జిల్లాలో, చిందుల ఎల్లమ్మ వంటి మహా కళాకారిణిని ఇచ్చిన చిందు భాగవతం ఆరుబయటే ఆడేది. ప్రొజెక్టరు వచ్చి చేరింది ఈ బాటలోనే.

దేశంలో ఆ బాట పట్టిన తొలివారిలో అబ్దులల్లీ ఇసూఫల్లీ 100 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు డేరాతో తిరిగాడు. తెలుగువారి వంతు మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్యది. ఆయన 1910 ప్రాంతంలో తెప్పించుకున్న క్రోనోమెగాఫోను ఫ్రాన్సులోని గోమాన్ సంస్థ తయారుచేసిన యంత్రం. బొమ్మ చూపే ప్రొజెక్టరును, ధ్వని పలికే గ్రామఫోను పళ్లెరాన్ని ఒకే వేగంతో నడిపించి, ఎలక్ట్రానిక్ ఆంప్లిఫయరు ఇంకా రాని ఆ రోజుల్లో సంపీడిత వాయువు సహాయంతో, అంటే ఒత్తిడితో నింపిన గాలి ప్రవాహం మీద గొంతును ఎక్కించి, శబ్దాన్ని పెద్దది చేయడం దాని ప్రత్యేకత. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదల కావడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందే ఆయన పలికే బొమ్మలను డేరాలో చూపుతూ ఆంధ్ర ప్రాంతం, బెంగుళూరు, సింహళం, బర్మా తిరిగాడు. ఆయనను తెలుగు సినిమా పితామహుడిగా మాత్రమే స్మరించడంలో కొంత నష్టం ఉంది. యంత్రాన్ని బండి మీద మోసుకెళ్లి, విప్పి, బిగించి, మళ్లీ పలికించిన సాంకేతికుడు ఆ బిరుదు వెనుక మరుగున పడిపోతాడు.

ప్రొజెక్టరు గుండె అని చెప్పదగిన భాగం మాల్టా శిలువ అనే నాలుగు చీలికల చక్రం. ఫిల్ము ఆగకుండా జారితే తెర మీద మసక తప్ప బొమ్మ కనిపించదు. ఫిల్ము మీది ఒక్కొక్క బొమ్మ, అంటే ప్రతి చట్రమూ, దీపం ముందు క్షణం నిలవాలి, వెంటనే తప్పుకోవాలి. నిరంతరం తిరిగే ఒక పిన్ను శిలువ చీలికలో దూరి దాన్ని పావు చుట్టు తిప్పి వదిలేస్తే, దానికి బిగించిన పదహారు పళ్ల చక్రం నాలుగు పళ్లు కదిలి, ఫిల్ము అంచున నాలుగు రంధ్రాల ఎత్తున్న ఒక చట్రాన్ని కిందికి లాగుతుంది. టాకీల వేగం సెకనుకు 24 చట్రాలు కనుక ఒక్కొక్క చట్రానికి దక్కే కాలంలో నాలుగో వంతు, అంటే సెకనులో 96వ భాగం, కదలికకు పోగా తక్కిన మూడు వంతులు నిలకడకు మిగులుతాయి. కదిలే క్షణంలో షట్టరు రేకు దీపాన్ని మూసేస్తుంది. రెండో రేకు నిలిచి ఉన్న బొమ్మను కూడా ఒకసారి ఆర్పి వెలిగించడంతో సెకనుకు 48 మెరుపులై, కంటికి మిణుకు తెలియకుండా పోతుంది. గతుకుల బాటల దుమ్ము ఈ సున్నితమైన చక్రంలో చేరి చీలికలను అరగదీస్తే తెర మీది బొమ్మ వణికేది. అందుకే ఆపరేటరు నైపుణ్యం చాలావరకు తుడవడంలో, నూనె వేయడంలో ఉండేది.

ఇక వెలుగు. తెర వెడల్పు రెండింతలైతే అదే కాంతి నాలుగింతల వైశాల్యంపై పరుచుకొని నాలుగో వంతుకు పడిపోతుంది కనుక, వందలమందికి కనిపించేంత తెరకు మామూలు బల్బు చాలదు. రెండు కార్బన్ కడ్డీలను తాకించి కొద్దిగా ఎడం చేస్తే వాటి మధ్య విద్యుత్తు చాపంలా వెలుగుతుంది. ఏకదిశా విద్యుత్తులో ధన కడ్డీ కొన మూడున్నర వేల డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాగి, చిన్న గుంటలా తొలుచుకుపోతుంది. అసలు కాంతి వచ్చేది ఆ గుంట నుంచి, దాన్ని వెనుక ఉన్న పుటాకార దర్పణం ఫిల్ము మీదికి కేంద్రీకరిస్తుంది. కడ్డీలు కాలుతూ పొట్టివవుతాయి, ఎడం పెరుగుతుంది, బొమ్మ పచ్చబడుతుంది. ఆట జరిగినంతసేపూ ఒక మనిషి వాటిని జరుపుతూ కూర్చోవాలి. కరెంటు లేని ఊళ్లలో ఆయిలింజనుతో తిరిగే జనరేటరు ఈ దీపానికి ప్రాణం పోసేది.

ఇంత వేడి పక్కన పరుగెత్తే ఫిల్ము, 1950ల ఆరంభం వరకు, ఎక్కువగా నైట్రోసెల్యులోజు. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువులోనే ఉన్నందున అది అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. 1897 మే 4న ప్యారిస్‌లో చెక్క, గుడ్డ కట్టడంలో జరిగిన దాతృత్వ సంతలో ప్రొజెక్టరు దీపానికి ఈథరు నింపుతుండగా మంటలు లేచి 120 మందికి పైగా చనిపోయారు. భారతదేశపు 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రదర్శనకు లైసెన్సును, ప్రేక్షకుల భద్రతను ముడిపెట్టడానికి ఇటువంటి భయమే మూలం. డేరాకు ఎడంగా యంత్రపు గదిని ఏర్పరచడం ఆ జాగ్రత్తలో భాగం.

టాకీ వచ్చాక శబ్దం ఫిల్ము అంచున గీతగా ఎక్కింది. దీపపు కిరణం ఆ గీత గుండా ఫొటోసెల్ అనే కాంతి గ్రాహకంపై పడితే, వెలుగు హెచ్చుతగ్గులు విద్యుత్తుగా, ఆ విద్యుత్తు లౌడుస్పీకరులో ధ్వనిగా మారతాయి. చట్రం ఆగి ఆగి కదులుతుంది, ధ్వని మాత్రం సాఫీగా కదలాలి. కాబట్టి రెంటినీ ఒకే చోట చదవలేక, ధ్వనిని బొమ్మ కంటే సుమారు 20 చట్రాలు ముందుగా ముద్రించి, మధ్యలో ఫిల్మును వదులుగా మడత వేసి ఉంచుతారు. ఆట ముందు వేసే పాటల రికార్డు పక్క ఊరికీ వినిపించడానికి మరో భౌతిక కారణం ఉంది: పొద్దుగుంకాక నేల, దాన్ని ఆనుకున్న గాలి త్వరగా చల్లబడి, పైన వెచ్చని గాలి నిలిస్తే, పైకి పోవలసిన ధ్వని వంగి మళ్లీ నేల వైపు దిగుతుంది. గోడ పత్రిక చూడనివారికి కూడా సినిమా వచ్చిందని చల్లబడిన పొలాల మీది గాలే చాటింపు వేసేది.

టూరింగు టాకీసు స్వభావాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించింది దాని పేదరికం: యంత్రం ఒక్కటే. పట్టణపు థియేటరులో రెండు ప్రొజెక్టర్లు ఒకదాని తరువాత ఒకటి నడిచి కథను తెగకుండా అందిస్తాయి. నిమిషానికి 90 అడుగుల చొప్పున మూడు గంటల చిత్రానికి 16,200 అడుగులు, అంటే ఐదు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఫిల్ము కావాలి. ఒకే యంత్రం ఉన్నచోట, రీళ్లను అతికి పెద్ద చుట్టలు చేసుకున్నా, రెండు మూడు సార్లైనా ఆపక తప్పదు. ప్రతి విరామంలోనూ దీపాలు వెలిగి, వేరుశనగలు, సోడాలు, బీడీలు చేతులు మారేవి; జరిగిన కథను పెద్దలు పిల్లలకు విడమరిచి చెప్పడానికి, తప్పిపోయినవారిని వెతకడానికి, నేల మీద పరుచుకున్న గోనె సంచి సర్దుకోవడానికి వ్యవధి దొరికేది. యంత్రం ఊపిరి తీసుకునే సమయాన్ని జనం తమ సమయంగా మలచుకున్నారు. కూర్చోవడంలోనూ అంతే: ముందు నేల, వెనుక బెంచీ, ఆ వెనుక కుర్చీ. తెరకు అతి దగ్గరి చోటు కంటికి కష్టం కనుక చవక. అయినా నటుల ముఖాలు కొండంత కనిపించేది అక్కడే.

జాతర్లు, కోతల తరువాతి నెలలు ఈ వ్యాపారానికి రుతువులు. వాన మొదలైతే గుడ్డ కప్పు బరువెక్కేది, జనరేటరు తడిసేది, డేరా మడతపడేది. బాన్సువాడ వంటి రైలు రాని ఊళ్లకు ఫిల్ము డబ్బాలు రోడ్డు మీదే రావాలి. వాగు పొంగి బస్సు ఆగితే ఆ రాత్రికి ఆట లేనట్టే.

తరువాతి దశాబ్దాలలో కరెంటు తీగలు పల్లెలకు చేరాయి, పక్కా థియేటర్లు లేచాయి, కార్బన్ స్థానంలో జెనాన్ దీపం, 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చాయి. 2000 తరువాత వచ్చిన డిజిటల్ ప్రొజెక్టరులో మాల్టా శిలువ లేదు, ఫిల్ము మడత లేదు, మార్చవలసిన రీలూ లేదు. ఒకే తీరుగా మూడు గంటలు ఆడగల ఆ యంత్రాన్ని నేటికీ సగంలో ఆపుతారు. తెలుగు రచయితలు ఆ ఆగే చోటు కోసమే కథకు ఒక మలుపును సిద్ధం చేస్తారు. సిమెంటు గచ్చు మీద కుర్చీలు వేసిన హాళ్లలో కూడా ముందు వరుసను చాలాకాలం నేల అనే పిలిచారు.