ఒకటి రెండు ఉలిదెబ్బలు

ఒకరు అర్ధాంతరముగా విడిచిన పనిని వేరొకరు చేపట్టి క్రొత్తదానిగా తీర్చిన యుదంతము నొకదానిని శుక్రవారములోగా వ్రాసి యిమ్మని సంపాదకులు ఆదేశింపగా, మైకెలాంజిలో చెక్కిన దావీదు విగ్రహమును గూర్చి యెల్లరు నెఱిగిన పొగడ్తలనే మఱల వల్లింపవలసి వచ్చునేమో యని జంకితిని గాని, ఫ్లోరెన్సు ప్రధానాలయపు పనుల సంఘమువారి పుస్తకములో, ఒప్పందపు ప్రక్కన, గుమాస్తా యొకడు లాటినులో చేర్చిన నాలుగు మాటలు కంటబడినంతనే తక్కిన సామగ్రి యంతయు నాకు చప్పబడిపోయినది.

1501 ఆగస్టు 16 నాటి యా యొప్పందము ప్రకారము సెప్టెంబరు ఒకటి మొదలు రెండేండ్లలో, నెలకు ఆరు బంగారు ఫ్లోరినుల జీతముపై, విగ్రహము పూర్తి కావలెను. గుమాస్తా చేర్చినదేమనగా: శిల్పి 13వ తేదీ సోమవారము ప్రొద్దుననే గట్టిగా పనికి పూనుకొనెను, అంతకు మున్ను 9వ తేదీన మాత్రము ఒకటి రెండు ఉలిదెబ్బలతో ఱొమ్మునందలి ముడి నొకదానిని తొలగించి యుండెను. ఒకటో, రెండో! దెబ్బలను లెక్కింపబూని, ఆ లెక్కను రూఢిగా చెప్పక విడిచిన యా గుమాస్తాపై నాకు వల్లమాలిన మక్కువ కలిగినది. ఆ ముడి పూర్వశిల్పి మలచిన యుత్తరీయపు ముడి కావచ్చునని కొందఱి యూహ. అదియే నిజమైనచో, ఇరువదియాఱేండ్ల యువకుడు మొట్టమొదట చేసిన పని ముందువాని చేతిపనిని చెఱిపివేయుట!

పూర్వకథ క్లుప్తముగా: కరారా గని నుండి వచ్చిన యా రాతిని 1464లో ఆగొస్తినో ది దుచ్చియో చేపట్టి కొంత చెక్కి విడిచెను, 1476లో అంతోనియో రొస్సెల్లినో కప్పగించిరి, అదియు సాగలేదు, పిదప పాతికేండ్లు ఎండకు వానకు పడియున్నదానిని 1501 జూలైలో లేవనెత్తి నిలువబెట్ట నిశ్చయించిరి.

శిలలో నిద్రించు మూర్తిని ప్రతిభ మేల్కొలిపెనను మాట నాకంతగా రుచింపదు. ఎత్తునకు తగిన మందము ఆ రాతికి లేదు. అయిదు మీటర్లకు మించిన యీ విగ్రహమును ప్రక్కనుండి చూచినవారు దాని పలుచదనమునకు విస్తుపోవుదురు. దొనతెల్లో, వెర్రొక్కియోల దావీదులు శత్రువైన గొలియాతు తెగిన తలను పాదముల చెంత నుంచుకొని విజయులై నిలిచిరి. మైకెలాంజిలో దావీదు పాదముల చెంత తల లేదు, యుద్ధమింకను జరుగలేదు, వడిసెల భుజముపైననే యున్నది. ఈ నూతన కల్పనకు, ఇతరులు చెక్కి పాడుచేసిన రాతిలో చోటు చాలకపోవుటయు కొంత తోడ్పడెనేమో యని నా యనుమానము.

మిగిలిన ముచ్చట్లు

నగరాధిపతి సొదెరీని, విగ్రహపు ముక్కు లావైనదనగా, శిల్పి గుప్పిట పాలరాతి పొడి దాచుకొని పైకెక్కి, చెక్కినట్లు నటించి రాల్చెనని కళాకారుల చరిత్రలు వ్రాసిన వసారి చెప్పెను. మొదటి శిల్పి పేరునే సీమోనే యని పొరబడినవాని ముక్కుకథను నేను నమ్మను.

ఆలయపు పైభాగమున కుద్దేశించిన విగ్రహమును ఎచట నిలుపవలెనో తేల్చుటకు 1504 జనవరి 25న కూడిన సభలో లియొనార్దో, బొత్తిచెల్లీలు నుండిరి. మే నెలలో దానిని చెక్కిన చోటి ద్వారముపై గోడను పగులగొట్టి వెలికి దీసి, నలువదిమందికి పైగా నాలుగు దినములు లాగి నగరసభా భవనము చెంతకు చేర్చిరి. నడుమ రాత్రివేళ ఎవరో రాళ్లు రువ్వగా కావలి పెట్టవలసి వచ్చెను.