కడలి గర్భమందలి గొట్టపు మార్గములు: వాని రక్షణ, అత్యవసరపు మరమ్మతు

గౌతమీ గోదావరి సముద్రములో కలియు చోటికి చేరువగా యానాము పట్టణము కలదు. దానికి అనతిదూరముననే గాడిమొగ యను గ్రామము. బంగాళాఖాతపు అడుగున కృష్ణా-గోదావరి క్షేత్రమునుండి 2009 ఏప్రిలు మొదలుగా వెలువడుచున్న సహజవాయువు అచ్చటనే గట్టునకు చేరును. అచ్చటినుండి అది ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రముల మీదుగా గుజరాతులోని భరూచి వైపునకు సుమారు 1400 కిలోమీటర్లు నేలలోని గొట్టమున పయనించును. పడమటి తీరమున బొంబాయి హై చమురు క్షేత్రమును ఉరణ్ తీరముతో కలుపు గొట్టములు కలవు. కావున యానాములోని తెలుగువారికిగాని, ముంబయి ప్రాంతమున స్థిరపడిన తెలుగువారికిగాని ఈ విషయము దూరపుది కాదు. ఇంటి పొయ్యికిని కడలి అడుగునకును నడుమ సంబంధము ఏర్పడి చాలకాలమైనది.

ఈ గొట్టములు కంటికి కనబడవు. కనబడని వస్తువును కాపాడుట యెట్లు, అది గాయపడినప్పుడు బాగుచేయుట యెట్లు అనునవి ఇచ్చట విచారింపవలసిన ప్రశ్నలు.

గొట్టపు కట్టడము

సముద్రపుటడుగున పరచిన గొట్టము వట్టి ఉక్కు గొట్టము కాదు. ఉక్కుపై తుప్పు నడ్డుకొను లేపనము ఉండును. పెద్ద గొట్టములకు దానిపై కాంక్రీటు తొడుగు వేయుదురు. వాయువు నిండిన గొట్టము నీటిలో తేలిపోవ జూచును గనుక, ఈ తొడుగు తన బరువుచే దానిని అడుగున నిలుపును. వలల యొరపిడినుండి కొంతవరకు కాచును కూడ.

ఇవికాక, కొంతకొంత దూరమునకు అల్యూమినియము మిశ్రలోహపు కంకణములు తొడుగుదురు. ఉప్పునీటిలో రెండు లోహములు ఒకదానితో నొకటి కలిసియున్నచో, వానిలో చురుకైనది ముందుగా కరగును. లేపనము ఎచ్చటనైన ఊడినను, ఉక్కునకు మారుగా ఈ కంకణము కరగిపోవును. దీనిని బలిలోహ మనుట తగును. బలిలోహము పూర్తిగా కరగకమునుపే దాని నెఱిగి క్రొత్తది అమర్చుట సంరక్షకుల విధి.

గొట్టమునకు గల శత్రువులు

మొదటి శత్రువు తుప్పు. అది వెలుపలినుండియే కాక లోపలినుండియు పుట్టును. వాయువుతో కలిసివచ్చు నీటిలో బొగ్గుపులుసు వాయువు కరగి ఆమ్లమగును. ఆ ఆమ్లము గొట్టపు అడుగుభాగమును మెల్లమెల్లగా తినివేయును. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున వాయుగొట్టము పగిలి, మంటలు చెలరేగి, ఇరువదిమందికి పైగా మరణించిరి. నీటితో కూడిన వాయువు ప్రవహించుటవలన లోపల పుట్టిన తుప్పే అందుకు కారణమని విచారణలో తేలినది. అది నేలలోని గొట్టము. నేలలోనైనను నీటిలోనైనను ఈ శత్రువు స్వభావ మొక్కటే.

రెండవది ప్రవాహము. గొట్టము క్రింది ఇసుకను నీరు తొలిచివేసినచో, గొట్టము ఆధారము లేక వంతెనవలె నిలుచును. దాని నొరసికొని పోవు నీరు సుడులు కట్టి గొట్టమును అదరజేయును. ఇనుపతీగను అటునిటు పలుమారు వంచగా తెగిపోవునట్లు, ఈ అదురువలన అతుకులు బీటలువారును. మహానదులు ఒండ్రును తెచ్చి పోయు తీరములలో అడుగుననున్న బురద జారుటయు నొక భయము.

మూడవది మానవుని పని. అనగా లంగరు, పెద్ద వల, దారి తప్పిన నౌక. 2005 జూలై 27న బొంబాయి హై నార్త్ స్థావరమువద్ద ఒక సహాయకనౌక వాయువును కొనివచ్చు నిలువు గొట్టమును తాకెను. క్షణములలో మంటలు వ్యాపించి స్థావరము నశించెను. ఇరువదిఇద్దరు ప్రాణములు కోల్పోయిరి.

కనబడని దానిని చూచుట

ఈ శత్రువులను కనిపెట్టుటకు మూడు విధములైన పరీక్షలు కలవు.

ఒకటి వెలుపలి పరీక్ష. నౌకనుండి ధ్వనితరంగములను పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి అడుగున గొట్టమున్న తీరును చిత్రించుదురు. దీపములు, కెమెరాలు గల దూరనియంత్రిత యంత్రమును నీటిలోనికి దింపి, గొట్టమువెంట నడపి, తొడుగు ఊడిన చోట్లను, ఆధారము లేని చోట్లను, బలిలోహపు స్థితిని పరిశీలించుదురు.

రెండవది లోపలి పరీక్ష. ఇందుకు వాడు సాధనమును ఆ వృత్తివారు పిగ్గు అందురు. పంది యని అర్థమిచ్చు ఈ ఆంగ్లపదము ప్రపంచమంతట స్థిరపడినది. గొట్టపు లోపలి కొలతకు సరిపోవు ఈ సాధనమును, లోపల ప్రవహించు చమురో వాయువో ముందునకు నెట్టుకొని పోవును. సామాన్యమైన పిగ్గు లోపలి మడ్డిని, నీటిని ఊడ్చును. పరీక్షచేయు పిగ్గునకు బలమైన అయస్కాంతము లుండును. గొట్టపు గోడ నిండుగా నున్నచోట అయస్కాంతశక్తి గోడలోనే ఇమిడియుండును. తుప్పుచే గోడ పలుచబడిన చోట అది వెలికి చిందును. ఆ చిందిన శక్తిని కొలిచి, ఎన్నవ కిలోమీటరువద్ద ఎంత లోతు గాయమున్నదో నిర్ణయింతురు.

మూడవది లెక్క. ఈ కొనను పంపినదెంత, ఆ కొనను చేరినదెంత అని ఎడతెగక సరిచూచుట. బండికెత్తిన బస్తాలను కొట్టువద్ద మరల లెక్కించుట వంటిదే ఇది. పంపినదానికన్న చేరినది తగ్గెనన్నను, ఒత్తిడి హఠాత్తుగా పడిపోయెనన్నను, యంత్రము హెచ్చరించును.

ఐతే హెచ్చరిక యుండుట వేరు, దానిని పాటించుట వేరు. ఈ భేదమును రెండు లంగరుల కథలు చక్కగా తెలుపును.

రెండు లంగరులు

అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున, లాంగ్ బీచ్ రేవు ఎదుట, సముద్రములోని చమురు స్థావరమునుండి గట్టునకు పదహారంగుళముల గొట్టము కలదు. 2021 జనవరి 25న వీచిన పెనుగాలికి అచ్చట నిలిచియున్న పెద్ద సరకునౌకల లంగరులు ఈడ్చుకొనిపోయి గొట్టమునకు తగిలెను. గొట్టము తన స్థానమునుండి ఒకచోట 32 మీటర్ల దూరము ప్రక్కకు జరిగెను. ఐనను అది అప్పుడు పగులలేదు. గొట్టము నడుపువారికి ఈ వార్త యెవరును చెప్పలేదు.

ఎనిమిది నెలలు గడచెను. అక్టోబరు 1వ తేదీ సాయంకాలము యంత్రము మొదటి హెచ్చరికను ఇచ్చెను. అది లోపమును స్థావరమునకు దగ్గరగా చూపుటయు, అచ్చట చూచినవారికి చమురు జాడ కనబడకపోవుటయు తటస్థించెను. ఇది యంత్రపు పొరపాటని తలచి, పంపులను నిలుపుచు, మరల నడుపుచు వచ్చిరి. హెచ్చరికలు మొత్తము ఎనిమిది. గొట్టమును తుదకు మూసివేయునప్పటికి సుమారు పదునాలుగు గంటలు గడచెను. పదమూడంగుళముల బీటనుండి దాదాపు 95 వేల లీటర్ల చమురు సముద్రము పాలయ్యెను. జనవరిలోనే వార్త చేరియున్నచో, గొట్టమును పరీక్షించి బాగుచేయుటకు వ్యవధి యుండెడిదని విచారణ సంఘము తేల్చినది.

రెండవ కథ బాల్టిక్ సముద్రమున నడచినది. ఫిన్లండు, ఎస్టోనియా దేశములను కలుపు 77 కిలోమీటర్ల వాయుగొట్టము 2023 అక్టోబరు 8 తెల్లవారుజామున ఒక నౌక లంగరు తగిలి తెగెను. ఒత్తిడి పడిపోవుట గమనించిన వెంటనే రెండు తీరములందలి కవాటములను మూసిరి. కొన్నిదినములకు గొట్టము దగ్గరనే ఆ లంగరు దొరకెను. తెగిన భాగమును తీసివేసి క్రొత్తది అమర్చి, పరీక్షించి, 2024 ఏప్రిలు 22న మరల వాయువును పంపిరి. ఆ ఆరునెలలు ఫిన్లండు ప్రజలు చలికి గురికాలేదు. ద్రవరూపమున నౌకలపై వచ్చు వాయువును దింపుకొను ఏర్పాటు అంతకుముందే వారికి ఉండెను.

మొదటి గొట్టము వెంటనే తెగలేదు. రెండవది వెంటనే తెగినది. ఐనను ఎక్కువ కీడు మొదటిదానివలననే కలిగినది. గాయముకన్న గాయము తెలియకపోవుటయే ప్రమాదకరము.

మరమ్మతు జరుగు విధము

గొట్టము తెగినదని తెలిసినపుడు మొదటి పని కవాటములు మూయుట. రెండవది ఒత్తిడిని సరిపెట్టుట. సముద్రములో ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి చొప్పున పెరుగును. లోపలి ఒత్తిడి మిక్కుటమైనచో వాయువు వెలికి చిమ్మును; మరీ తగ్గినచో సముద్రజలము లోనికి చొచ్చి గొట్టమంతయు నిండును. లోపల, వెలుపల ఒత్తిడి సమానమగునట్లు చేసినచో నష్టము తగ్గును.

తరువాత గాయమును కొలుతురు. చిన్న రంధ్రమైనచో, రెండు అర్ధచంద్రముల వంటి ఉక్కు పట్టీలను గొట్టముచుట్టు బిగించుట చాలును. దీనిని క్లాంపు అందురు. గొట్టము వంగినను, చీలినను ఆ భాగమును కోసివేసి, కొలతకు సరిపోవు క్రొత్త ముక్కను దింపి, ఇరుకొనలను యంత్రబంధములతో బిగింతురు. కొన్ని యెడల గొట్టముచుట్టు ఒక గదిని దింపి, అందలి నీటిని వాయువుచే వెడలగొట్టి, ఆ పొడిచోటున వెల్డింగు చేయుదురు.

ఈ పని చేయు డైవర్ల జీవనము విచిత్రమైనది. లోతున పీల్చిన వాయువు వారి దేహములో కరగియుండును. హఠాత్తుగా పైకి వచ్చినచో, సోడాసీసా మూత తీసినప్పటివలె బుడగలు పొంగి ప్రాణముమీదికి వచ్చును. అందుచే వారు నౌకపై ఒత్తిడి నిలిపిన గదిలోనే వారములతరబడి నివసించుచు, అందుండియే పనికి దిగి, తుదకు దినములకొలది మెల్లగా ఒత్తిడి తగ్గించుకొని వెలుపలికి వత్తురు. సాధారణముగా 300 మీటర్లను మించిన లోతునకు మనుష్యులను పంపరు. కృష్ణా-గోదావరి క్షేత్రమున కొన్ని బావులు వేయి మీటర్లను మించిన లోతున కలవు. అచ్చట పని యంత్రహస్తములదే.

అతుకు ముగిసినను పని ముగియదు. నీటిని నింపి ఒత్తిడి పరీక్ష చేయవలెను. పిమ్మట నీటిని పూర్తిగా తోడి గొట్టమును ఆరబెట్టవలెను. తడి మిగిలినచో, చలికిని ఒత్తిడికిని వాయువు నీటితో కలిసి మంచువంటి గడ్డలై దారి మూసివేయును.

ముందుచూపు

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట పనికిరాదన్నది పెద్దల మాట. క్లాంపులు, విడి గొట్టములు, బంధములు, పనికి తగిన నౌక ముందుగా సిద్ధము లేనిచో, వానిని చేయించి తెప్పించుటకే నెలలు గడచును. నార్వే దేశమున పలు సంస్థలు కలిసి ఒకే రేవున మరమ్మతు సామగ్రిని ఉమ్మడిగా నిలువచేసికొనుచున్నవి. భారతదేశపు పడమటి తీరమున నైరుతి ఋతుపవనకాలమునను, తూర్పుతీరమున తుపానుల నెలలలోను సముద్రపు పని నిలిచిపోవును. కావున ఏ నెలలో గాయము తగిలిన ఏమి చేయవలెనో ముందే వ్రాసియుంచుకొనుట ఇచ్చట మరింత అవసరము.

మరియొక అవసరము గలదు. అది భాషకు సంబంధించినది. సముద్రముపై నిత్యము తిరుగువాడు మత్స్యకారుడు. నీటిపై ఎడతెగని బుడగలు, నూనె తెట్టు, క్రొత్త వాసన ముందుగా పసికట్టునది అతడే. కాకినాడ, యానాము తీరమునందే కాక, ఒడిశాలోని పూరీ తీరమునను తెలుగు మాటలాడు మత్స్యకారులు తరతరములుగా నివసించుచున్నారు. గొట్టము పోవు దారి, లంగరు వేయరాని చోట్లు, ఆపదలో పిలువవలసిన సంఖ్య వారికి వారి భాషలో అందవలెను. లేనిచో హెచ్చరిక కాగితముపైననే నిలిచిపోవును.

వారికి తెలుపవలసిన విషయములు కొద్దియే. బుడగలుగాని తెట్టుగాని కనబడినచో గాలివాటమునకు ఎదురుదిక్కున దూరముగా తొలగవలెను. నిప్పు వెలిగింపరాదు. లంగరు అడుగున చిక్కినచో బలముగా లాగరాదు. త్రాడు కోసి వదలుట మేలు. చోటును గుర్తించి, తీరరక్షక దళమువారి 1554 సంఖ్యకు తెలుపవలెను. లంగరు ధర స్వల్పము. కాలిఫోర్నియాలో ఎనిమిది నెలలు ఎవరును చెప్పని మాట ఇదియే.