హీటర్ అంటించింది, తలుపు చంపింది

2022 జనవరి 9, ఆదివారం. న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని ట్విన్ పార్క్స్ అనే 19 అంతస్తుల భవనం. పొద్దున పదకొండు గంటల వేళ ఒక పడకగదిలో ఎలక్ట్రిక్ హీటర్ నుంచి మంట లేచింది. భవనానికి సొంత వేడి ఏర్పాటు ఉన్నా చలి చాలక పెట్టుకున్న హీటరది, రోజుల తరబడి ఆపకుండా నడుస్తూనే ఉంది. మంటలు ఆ ఇల్లు, బయటి నడవా దాటి పెద్దగా పోలేదు. అయినా 17 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది పిల్లలు. అందరినీ చంపింది పొగే.

ఆ ఇంట్లోవాళ్లు ప్రాణభయంతో బయటికి ఉరికారు. వాళ్లు దాటాక ఇంటి తలుపు దానంతటదే మూసుకోవాలి, నగర చట్టం కోరేది అదే. మూసుకోలేదు. పదిహేనో అంతస్తులో మెట్లదారి తలుపూ తెరుచుకునే ఉంది. దాంతో మెట్లదారి పొగగొట్టమైంది. కిందికి దిగి తప్పించుకుందామనుకున్నవాళ్లు ఆ పొగలోకే నడిచారు. అగ్నిమాపక సిబ్బందికి ప్రతి అంతస్తులోనూ మెట్ల మీద బాధితులు కనిపించారు. ఆఫ్రికాలోని గాంబియా నుంచి వలస వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవక్కడ.

మరో సంగతి. ఆ భవనంలో అలారం ఊరికే మోగడం మామూలే. అందుకే అసలు మంట వచ్చిన రోజున కూడా చాలామంది పట్టించుకోలేదు.

ఈ మాట మనవాళ్లకు దగ్గరిది. అమెరికాలో ఇల్లు పంచుకుని ఉండే మన విద్యార్థులు పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుందని దానికి ప్లాస్టిక్ కవరు కడతారు, లేదంటే బ్యాటరీ పీకేస్తారు. వంటగది కిటికీ తెరిస్తే, పొయ్యి మీది ఫ్యాన్ వేస్తే సరిపోయేదానికి ఇదేం తెలివి? ఆ రాత్రే బేస్‌మెంట్‌లో హీటర్ వేసుకుని పడుకుంటారు.

అక్కడి 1500 వాట్ల హీటర్ 120 వోల్టుల మీద పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు ఆ బరువు మోయలేక లోపల్లోపలే కాగుతుంది. మన ఇళ్లలోనూ అంతే: 2000 వాట్ల హీటర్‌ను ఫోను ఛార్జర్ పెట్టే చిన్న ప్లగ్గుకు తగిలించకూడదు, 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి. దుప్పటి, పరదా, ఆరేసిన బట్టలు మూడడుగుల దూరంలో ఉండాలి. పడుకునే ముందు ఆపేయాలి.

హీటర్ లేనిచోట కుంపటి. బొగ్గు నిప్పులు పొగ రాకుండా ఎర్రగా ఉన్నాయి కదా అని గది మూసి పడుకోవడం మరీ ప్రమాదం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు.

ఇక మంటే వస్తే, సామాన్ల కోసం వెతకొద్దు. అందరూ బయటపడగానే తలుపు మాత్రం లాగి మూయండి. మంట వేరే ఇంట్లో ఉండి, మెట్ల నిండా పొగ కమ్మితే దిగకండి. తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర నిలబడి ఫోను చేయండి: ఇక్కడ 101, అమెరికాలో 911.