ఫోర్ బై ఫోర్ అయితే చాలా?

స్కార్పియో-ఎన్ ఆధారంగా చేసిన గ్లోబల్ పికప్ కాన్సెప్ట్‌ని మహీంద్రా వాళ్లు 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో చూపించారు. అప్పట్నుంచి మా బాబాయి దాని కోసమే ఎదురుచూస్తున్నాడు. మా పొలం దారంతా నల్లరేగడి, వానాకాలం ట్రాక్టర్ తప్ప ఏదీ కదలదు. "ఫోర్ బై ఫోర్ కదరా, ఎక్కడికైనా పోద్ది" అంటాడు.

అసలు సంగతి డిఫరెన్షియల్‌లో ఉంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, రెండు చక్రాలూ వేర్వేరు స్పీడ్‌లో తిరిగేలా అది చూస్తుంది. తారు రోడ్డు మీద ఇది వరమే. బురదలో మాత్రం పట్టు లేని చక్రం గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్నది కదలదు. లోడ్ బ్యాలెన్సర్ పనంతా క్రాష్ అయిన సర్వర్‌కే పంపినట్టు! ముందొకటి, వెనకొకటి ఇలా జారితే ఫోర్ బై ఫోర్ కూడా అక్కడే ఆగిపోతుంది.

డిఫరెన్షియల్ లాక్ పడితే రెండు చక్రాలూ కలిసి తిరగాల్సిందే. ట్రాక్టర్‌లో కాలితో నొక్కే డిఫ్ లాక్ చేసేదీ ఇదే. లో రేంజ్ వేరు: స్పీడ్ తగ్గించి, చక్రాల దగ్గర టార్క్ పెంచుతుంది. టైర్ల సందుల్లో రేగడి నిండిపోతే మాత్రం ఏ లాకూ కాపాడదు.

"బుకింగ్ మొదలయ్యాక ముందు లాక్ ఏ వేరియంట్‌లో ఉందో అడుగు బాబాయ్, లేకపోతే ఆ డబ్బుతో దారికి కంకర పోయిద్దాం" అన్నాను.